ఎండాకాలం లాన్‌ను ఎండనివ్వాలి

ఇంటి ముందు లాన్ ఉన్నవాళ్లలో చాలామంది దానిమీద ఎక్కువ శ్రమ పెట్టేది ఏప్రిల్, మే నెలల్లోనే. గడ్డి కాస్త పసుపు తిరగ్గానే చచ్చిపోతోందన్న భయంతో ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి పైపు పట్టుకుంటారు. అప్పటికీ పచ్చబడకపోతే గుప్పెడు యూరియా చల్లుతారు. మన ఎండల్లో ఈ శ్రమ అక్కర్లేదు, పైగా గడ్డికీ ఊరికీ అది చేటు. లాన్ వద్దని కాదు. వర్షాకాలమంతా దాన్ని శ్రద్ధగా పెంచాలి, ఎండాకాలం దాని మానాన దాన్ని ఎండనివ్వాలి.

లాన్ అంటే పన్నెండు నెలలూ పచ్చగా ఉండాలన్న కొలత ఇంగ్లండుది. అక్కడ ఏ నెలలోనైనా వాన పడుతుంది. 1830లో ఎడ్విన్ బడ్డింగ్ గడ్డి కోసే యంత్రానికి పేటెంటు తీసుకున్నాక అక్కడి సామాన్య గృహస్థులకూ లాన్ క్రమంగా అందుబాటులోకి వచ్చింది; ఆ అలవాటే దొరల బంగళాల మీదుగా మన ఇళ్లకు చేరింది. హైదరాబాద్‌లో ఏడాదికి పడేది సుమారు 800 మిల్లీమీటర్ల వాన, అందులో అధికభాగం జూన్, సెప్టెంబరు మధ్యనే. మిగిలిన నెలల పచ్చదనానికి నీళ్లు ఎక్కడి నుంచో మోసుకు రావాలి. ఆ మోత ఎంతో లెక్క కట్టడం తేలికే. చదరపు మీటరు నేల మీద ఒక మిల్లీమీటరు నీరంటే ఒక లీటరు. నడివేసవిలో పచ్చగా నిలిపిన గడ్డి రోజుకు ఐదు మిల్లీమీటర్లైనా తాగుతుంది. 100 గజాల లాన్ అంటే దాదాపు 84 చదరపు మీటర్లు, అంటే రోజుకు 420 లీటర్లు. నగరాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లన్నది ప్రభుత్వ ప్రమాణం. ఆ చిన్న లాన్ ముగ్గురు మనుషుల నీళ్లు తాగేస్తోంది. 5,000 లీటర్ల ట్యాంకరు దానికి పన్నెండు రోజులు కూడా రాదు. నెలకు చూస్తే 12,600 లీటర్లు. హైదరాబాద్‌లో 2021లో మొదలైన ఉచిత నీటి పథకం ఇంటికి నెలకు పెట్టిన పరిమితి 20,000 లీటర్లు. ఈ నీళ్లలో కొంత వంద కిలోమీటర్లకు పైగా ఎత్తిపోసుకుంటూ నగరానికి తెచ్చిన కృష్ణా జలం.

ఇదంతా గడ్డి ప్రాణం నిలపడానికే అయితే వాదించడం కష్టమయ్యేది. కానీ మన లాన్లలో పరిచే బెర్ముడా గడ్డి వేరేదేమీ కాదు, పొలం గట్టు మీది గరికే. దాని మొండితనం రైతుకు తెలిసినంతగా మరెవరికీ తెలియదు. దాని వేళ్లూ గణుపులూ పైకి తేలి ఎండకు మాడాలని వేసవి దుక్కులు దున్నుతారు. అంత చేసినా తొలకరి పడగానే అక్కడక్కడా మళ్లీ లేస్తుంది. నాగలితో తిరగేసినా ఒక పట్టాన చావని మొక్క, పెరట్లో కదలకుండా కూర్చుని నాలుగు వారాల ఎండకు చస్తుందా? నీరు అందనప్పుడు ఆకుల్ని ఎండనిచ్చి, నేలలోని కాండాల్లో ప్రాణం దాచుకోవడం గరిక స్వభావం. ఆ ప్రాణాన్ని కాపాడటానికి రెండు మూడు వారాలకు ఒక తడి, 100 గజాలకు ఓ వెయ్యి లీటర్లు చాలు. మెక్సికన్ గ్రాస్, కొరియన్ గ్రాస్ పేర్లతో అమ్మే జోయిసియా రకాలకు అంతకంటే తరచుగా తడి కావాలి, అయినా రోజుకు రెండు పూటలా మాత్రం అక్కర్లేదు. నిజానికి రోజూ కాసిన్ని నీళ్లు చల్లితే వేళ్లు పైపైనే తిరుగుతాయి. ఒక్కపూట మానేస్తే వాడిపోయే బలహీనత అక్కడి నుంచే వస్తుంది. ఆరని తడిలో తుంగ కమ్ముకుంటుంది. పైన ఎంత పీకినా లోపలి గడ్డల నుంచి అది మళ్లీ మొలుస్తూనే ఉంటుంది.

శ్రమ పెట్టాల్సిన రోజులు మృగశిర కార్తెతో మొదలవుతాయి. నేల జానెడు లోతు నానాక ఖాళీలున్నచోట గరిక గణుపులు నాటాలి, గట్టిపడిన మట్టిని గునపంతో పొడిచి గాలి ఆడనివ్వాలి, జల్లించిన పశువుల ఎరువు పలచగా పరచాలి. యూరియా వేసినా కొద్దికొద్దిగా, విడతలుగానే. జోరువానకు ముందు వేసింది కాలువపాలే. కోత విషయంలో మన మాలీలకు తొందర ఎక్కువ. ఎత్తులో మూడో వంతుకు మించి ఒకేసారి కోస్తే గడ్డి కుదేలవుతుంది. కోసిన పొడి తుంపుల్ని ఊడ్చి పారేయకుండా అక్కడే వదిలితే గడ్డికి కావలసిన నత్రజనిలో దాదాపు నాలుగో వంతు తిరిగి నేలకే చేరుతుంది. నెల్లూరు వైపు ఈశాన్య రుతుపవనాల వానే ప్రధానం కాబట్టి అక్కడ ఈ పనులు నవంబరు దాకా సాగుతాయి. చలికాలం గడ్డి ఎదుగుదల మందగిస్తుంది, పెద్దగా పని ఉండదు. సంక్రాంతి దాటాక తడికీ తడికీ మధ్య ఎడం పెంచుకుంటూ పోవడం ముఖ్యం. అలా అలవాటు పడిన గడ్డి వేళ్లను లోతుకు దించుకుని వేసవిలో అడుగుపెడుతుంది.

పచ్చటి లాన్ ఇంటిని చల్లబరుస్తుంది కదా అంటారు. నిజమే. కానీ ఆ చల్లదనం ఆవిరైపోయే నీళ్లతో కొన్నది. పడమటి వైపు ఒక వేపో కానుగో పెంచితే, వేళ్లూనుకున్నాక నీళ్లు అడక్కుండానే గోడ మీద పడే ఎండను ఆపుతుంది. ‘నా బోరు, నా కరెంటు, నా ఇష్టం’ అన్న మాట కూడా నిలవదు. హైదరాబాద్ కింద ఉన్నది గట్టి గ్రానైట్; నీరు ఊరేది దాని పైపొరలోనూ పగుళ్లలోనూ. ఆ పగుళ్లు ప్రహరీ గోడ దగ్గర ఆగవు. మట్టం బాగా అడుగంటే మే నెలలో ఒక ఇంట్లో లాన్‌కు తోడిన నీరు పక్కింటి బోరుకు తగ్గే నీరు. ఎండిన గడ్డి మీద పిల్లలు రోజూ ఆడితే దెబ్బతింటుందన్న అభ్యంతరం మాత్రం సరైనదే. వాళ్ల కోసం పది, పదిహేను గజాలు పచ్చగా ఉంచుకోవచ్చు. స్నానాల నీళ్లు మళ్లిస్తే అంతమేరకు సరిపోతాయి. డిటర్జెంటు కలిసిన వాషింగ్ మెషిన్ నీళ్లు మళ్లించకూడదు. అందులోని సోడియం రేగడి నేలను బిగుసుకుపోయేలా చేస్తుంది.

ఇంత తంటా ఎందుకు, లాన్ తీసేసి టైల్స్ పరిచేస్తే పోలేదా అనేవాళ్లూ ఉన్నారు. అది ఇంకా పెద్ద నష్టం. గడ్డి ఉన్న నేల వానను ఇంకించుకుంటుంది, మట్టిని పట్టి ఉంచుతుంది. టైల్స్ మీద పడిన వాన నేరుగా వీధిలోకి పారి వరదకు తోడవుతుంది. ఎండిన గరిక కింద కూడా వేళ్లు సజీవంగానే ఉంటాయి, జూన్‌లో తొలి వానను ఒడిసిపట్టేది అవే. అందుకే గేటెడ్ కమ్యూనిటీల సంఘాలు లాన్ నిర్వహణ ఒప్పందాల్లో ‘ఏడాదంతా పచ్చగా ఉంచాలి’ అన్న షరతు ఉంటే తీసేయాలి, మార్చి నుంచి జూన్ వరకు నీటికి పరిమితి రాసుకోవాలి. గడ్డి పలకలు అమ్మే నర్సరీలు వేసవిలో అది రంగు మారుతుందని, తిరిగి చిగురిస్తుందని కొనేవాళ్లకు డబ్బు తీసుకునే ముందే చెప్పాలి.