బండి నడకనుబట్టి బీమా

మోటారుకారు గలవారందరూ ఏటేటా బీమా ప్రీమియం చెల్లిస్తూనే వున్నారు. బండి నిత్యం పరుగులు తీసినా, నెలలో ఇరవై రోజులు షెడ్డులోనే నిలిచివున్నా, మామూలు పాలసీలో ఆ తేడా లెక్కకు రాదు. పరిహారం కోరనివారికి మరుసటి సంవత్సరం కొంత తగ్గింపు లభిస్తున్న మాట నిజమే. అయితే తక్కువ తిరిగేవారికీ, నిదానంగా నడిపేవారికీ వేరే గుర్తింపు ఎక్కడిది? ఈ లోటు తీర్చడానికి ఏర్పడినదే టెలిమాటిక్స్ బీమా.

అమెరికాలో 1990ల చివర దీనిని ప్రయోగాత్మకంగా ప్రవేశపెట్టారు. మనదేశంలో, హైదరాబాదు ప్రధాన కేంద్రంగా పనిచేసే బీమా నియంత్రణ, అభివృద్ధి ప్రాధికార సంస్థ 2022 జులైలో ఇటువంటి పాలసీలకు అనుమతినిచ్చింది. ఇవి రెండు రకాలు. ఎంత దూరం నడిపారన్నదానినిబట్టి ప్రీమియం నిర్ణయించేది మొదటిది. ఏ విధంగా నడిపారన్నదానినిబట్టి నిర్ణయించేది రెండవది.

స్టీరింగు కింద అమర్చే చిన్న పరికరమో, యజమాని మొబైల్ ఫోనో ఇందుకు సాధనం. ఉపగ్రహ సంకేతాల ద్వారా బండి వున్న చోటు, దాని వేగం తెలుస్తాయి. ఎంత హఠాత్తుగా బ్రేకు వేసినదీ, మలుపు ఎంత దూకుడుగా తిరిగినదీ, ఏ వేళ ప్రయాణించినదీ నమోదవుతాయి. వీటినిబట్టి కంపెనీ మార్కులు వేస్తుంది. దూరం లెక్కకు మాత్రమైతే బండి మీటరు రీడింగుతో సరిపెట్టే పాలసీలు కూడా వున్నవి.

ఈ పద్ధతి గుణదోషాలు మారుమూల దారుల్లో మరింత స్పష్టంగా కనిపిస్తాయి. ఛత్తీస్‌గఢ్‌లోని సుక్మా జిల్లాలో, తెలంగాణ సరిహద్దున మరైగూడ వున్నది. అక్కడ ఒక చిల్లర వర్తకునికి కారు వున్నదనుకుందాం. సరుకులకో, వైద్యానికో నెలకు రెండు మూడు పర్యాయాలు భద్రాచలం వెళ్లిరావడం తప్ప ఆయనకు వేరే తిరుగుడు లేదు. దూరం లెక్క ఆయనకు మేలు చేస్తుంది. నిత్యం నగరమంతా తిరిగే కారుతో సమానంగా ఆయన చెల్లించనక్కరలేదు.

రెండవ రకం సంగతి వేరు. అడవి దారిలో పశువుల మంద అడ్డువస్తే బ్రేకు గట్టిగా వేయక తప్పదు. పరికరం బ్రేకును నమోదు చేస్తుందేగాని మందను చూడదు. పొరుగింటి గర్భిణిని అర్ధరాత్రి ఆసుపత్రికి చేర్చినా అది రాత్రి ప్రయాణంగానే లెక్క. ఆ రాత్రి బండి నడిపినది తమ్ముడైనా మార్కులు తగ్గేది అన్నగారికే. ఫోను ఆధారమైతే, ఆయన బస్సులో చేసిన ప్రయాణాన్ని సయితం సొంత డ్రైవింగుగా పొరబడవచ్చు. సంకేతాలు అందని చోట లెక్కలో లోపాలు కూడా రావచ్చు.

ఇతర ప్రయోజనాలు లేకపోలేదు. బండి దొంగలపాలైతే దాని జాడ తీయవచ్చు; ప్రమాదం ఎట్లా జరిగినదో తేల్చడానికి సాక్ష్యం దొరుకుతుంది; తనను ఎవరో గమనిస్తున్నారన్న ఎరుక కుర్రకారు దూకుడును కొంత తగ్గించవచ్చు.

తగ్గింపు మొత్తం ప్రీమియానికి వర్తించదని గ్రహించాలి. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం తప్పనిసరియైన మూడవ పక్షం బీమా రేటును నిర్ణయించేది ప్రభుత్వం. 2022 జూన్ 1 నుంచి అమలులోకి వచ్చిన పట్టికలో 1,000 సి.సి. దాటి 1,500 సి.సి. లోపు వున్న సొంతకారుకు అది 3,416 రూపాయలు. తగ్గేది సొంత బండికి కలిగే నష్టం తాలూకు భాగం మాత్రమే. కారు పాతబడి విలువ తరిగినకొద్దీ ఆ భాగమూ తరుగుతుంది గనుక ఆదా కూడా స్వల్పమే.

మరొక చిక్కు ఆంతరంగిక విషయాలకు సంబంధించినది. మనం ఏ యింటికి, ఏ ఆసుపత్రికి, ఏ వేళ వెళ్లినదీ పరికరానికి తెలుస్తుంది. వాహన యజమానుల ప్రయాణ వివరాలను తగిన సమ్మతి లేకుండా సేకరించి అమ్మినదని జనరల్ మోటార్స్‌పై అమెరికా ఫెడరల్ వాణిజ్య కమిషన్ 2025 జనవరిలో అభియోగం మోపింది. మనదేశంలో వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 2017లో తీర్పు చెప్పింది. 2023లో వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది. అయినా సంతకం చేసే ముందు పత్రాన్ని చదువుకోవలసిన బాధ్యత మనదే.

పాలసీ తీసుకొనేవారు కొన్ని విషయాలు వ్రాతపూర్వకంగా తెలుసుకోవాలి. ఒప్పుకొన్న కిలోమీటర్లు దాటిన తరువాత ప్రమాదం జరిగితే పరిహారం దక్కుతుందా? అదనపు కిలోమీటర్లు మధ్యలో కొనుక్కోవచ్చునా? మార్కులు తప్పుగా పడితే ఎవరికి చెప్పుకోవాలి? సేకరించిన వివరాలు ఎవరికి చేరుతాయి, ఎంతకాలం నిలువ వుంటాయి?

తక్కువ తిరిగేవారికి మీటరు రీడింగుపై నడిచే పాలసీ అనుకూలమైనది. నడిపే తీరుకు మార్కులు వేసే పాలసీని మాత్రం, పై ప్రశ్నలకు కంపెనీ స్పష్టమైన సమాధానం ఇచ్చిన పిమ్మటనే తీసుకోవడం మంచిది. మరైగూడ వంటి ఊళ్లవారికి ఈ హెచ్చరిక మరింత అవసరం. బ్రేకు ఎందుకు వేయవలసి వచ్చినదో చెప్పుకొనే అవకాశం వారికి పాలసీలోనే వుండాలి.