టిన్ను వదలని కేకు

ఆవపల్లి నుంచి ఒక ఉపాధ్యాయిని ఈ శీర్షికకు ఉత్తరం వ్రాశారు. ఛత్తీస్‌గఢ్‌లో, పాత బస్తర్ జిల్లా దక్షిణపు కొసన, 2007లో ఏర్పడిన బీజాపూర్ జిల్లాకు చెందిన ఊరది. చుట్టూ టేకు, ఇప్ప, తునికి చెట్ల అడవులు. అక్కడి సంతలో గోండీ, దోర్లీ, హిందీలతోబాటు తెలుగూ వినిపిస్తుంది. ఆమె ఇంట్లో ఓవెన్ లేదు. మందపాటి గిన్నెలో ఇసుక పోసి, అందులో టిన్ను వుంచి కేకు చేస్తారు. పుస్తకంలో చెప్పినట్లే టిన్నుకు నూనె రాసి పిండి పోశారు. కేకు పొంగింది, రంగు కూడా తేలింది. తీరా బోర్లించేసరికి పైసగం పళ్లెంలో పడింది, అడుగుసగం టిన్నులోనే వుండిపోయింది. నాలుగు కోడిగ్రుడ్లు, పావుకిలో వెన్న, అంతే పంచదార! ఇంట్లో పిల్లవాడి పుట్టినరోజు కూడా ఆనాడే. "మళ్లీ సరుకులు తెప్పించేముందు, నా తప్పేమిటో తెలుసుకోవాలి" అని ఆమె అడిగారు.

ఆమె తప్పేమీ లేదు. లోపమంతా పుస్తకంలోని ఆ చిన్న వాక్యంలో వున్నది. ఇంగ్లీషు వంట పుస్తకాలలో ఆ చోట వాడే క్రియకు, కొవ్వు ఏదైనా సరే పూయమని అర్థం. అవి చలిదేశాల వంటిళ్లలో పుట్టిన పుస్తకాలు. అక్కడ వెన్న, పందికొవ్వు మామూలుగానే గడ్డకట్టి వుంటాయి. అదే మాట తెలుగులోకి "నూనె రాయండి" అని వచ్చేసరికి, పూత ఎంత మందంగా వుండాలో, ఎక్కడ నిలవాలో చెప్పే సగం అర్థం దారిలోనే జారిపోయింది. పద్యాన్ని అనువదించేటప్పుడు మాట జారితే విమర్శకుడు కోప్పడతాడు. వంటను అనువదించేటప్పుడు మాట జారితే, ఎక్కడో ఒక ఇల్లాలి కష్టార్జితం టిన్ను అడుగున మాడిపోతుంది. రెండింటిలో ఏది పెద్ద నష్టమో పాఠకులే నిర్ణయించుకోవచ్చు.

ఎందుకు అంటుకుంటుంది?

కంటికి నునుపుగా కనిపించే లోహం నిజానికి నునుపుగా వుండదు. దానిమీద కంటికి ఆనని గీతలు, గుంటలు అసంఖ్యాకం. జారుగా వున్న కేకు పిండి వాటిలోకి దిగుతుంది. వేడి తగలగానే కోడిగ్రుడ్డులోని మాంసకృత్తులు, మైదాలోని పిండిపదార్థం అక్కడే గట్టిపడి లోహాన్ని పట్టుకుంటాయి. పంచదార కరిగి, పాకమై, చల్లారినప్పుడు జిగురులా బిగుస్తుంది. కనుకనే తీపి ఎక్కువైన కేకు మరింత మొండికేస్తుంది. బెల్లం వేసినదైనా, ఎండిన ఇప్పపువ్వు కలిపినదైనా అంతే. కొబ్బరిపీచుతోనో ఇనుపపీచుతోనో రుద్ది రుద్ది తోమిన టిన్నులో గీతలు పెరుగుతాయి. గీతలు పెరిగినకొద్దీ పట్టూ పెరుగుతుంది. టిన్నును వేడినీటిలో నానబెట్టి మెత్తని గుడ్డతో తుడిచినవారికి వచ్చేసారి శ్రమ తగ్గుతుంది.

ఏది పూయాలి?

పలుచని నూనె టిన్ను అంచుల నుంచి కిందికి జారి అడుగున మడుగు కడుతుంది. పక్కలు పొడిగా మిగిలిపోతాయి. అడుగున చేరిన నూనెను పిండి పీల్చుకుంటుంది. వెన్న నూనెకన్న నయమే కాని, బజారులో దొరికే వెన్నలో దాదాపు 16 శాతం నీరు వుంటుంది. పైగా పాలలోని పదార్థాలు కొద్దిగా మిగిలివుండి, అవే ముందుగా మాడి అంటుకుంటాయి. నెయ్యిలో, వనస్పతిలో ఆ బెడద లేదు. గడ్డకట్టి వున్నప్పుడు పూస్తే పక్కలను కూడా అంటిపెట్టుకుని నిలుస్తాయి. బస్తర్ పల్లెల్లో వాడే ఇప్పనూనె చలికాలంలో గడ్డకడుతుంది కనుక పూతకు పనికివస్తుంది. అయితే దాని వాసన కేకుకు పట్టవచ్చునని మరువరాదు.

పూసిన నెయ్యిమీద చెంచాడు మైదా చల్లి, టిన్నును నలువైపులా తిప్పి, బోర్లించి తట్టి, మిగిలిన పిండిని దులిపివేయాలి. ఈ పొడి పొర కేకుకూ లోహానికీ నడుమ అడ్డుగోడ. ఇంతకన్న సులువైన ఉపాయం మరొకటి వున్నది. ఒక చెంచా నూనె, ఒక చెంచా గడ్డనెయ్యి లేక వనస్పతి, ఒక చెంచా మైదా కలిపి, వెన్నలా అయ్యేదాకా గిలకొట్టాలి. ఈ ముద్దను మూలమూలలా పూస్తే జారదు, కరిగినా పిండి దానిని పట్టి వుంచుతుంది. కోకో కేకుకు మైదా బదులు కోకోపొడి వాడితే పైన తెల్లని మచ్చలు పడవు.

మన వంటింటి పాఠాలు

ఈ విద్య మనకు కొత్త కాదు. పేరు మాత్రమే కొత్త. ఇడ్లీ రేకులమీద తడిగుడ్డ పరిచి పిండి పోసేవారు, ఉడికిన తరువాత గుడ్డను తిరగవేసి నీళ్లు చిలకరించి ఇడ్లీలు ఊడదీస్తారు. కోనసీమలో పొట్టిక్కలను పనసాకు బుట్టలలో ఉడికిస్తారు. అక్కడ గిన్నె అన్నదే లేదు, ఆకే గిన్నె. ఛత్తీస్‌గఢ్ పల్లెల్లో బియ్యపుపిండితో చేసే అంగాకర్ రొట్టెను ఆకుల నడుమ వుంచి నిప్పులమీద కాలుస్తారు. రొట్టె కాలిన తరువాత ఆకును ఒలిచివేస్తారు. కేకు టిన్ను అడుగున బటరు పేపరు పరచడం వెనక వున్న సూత్రమూ ఇదే.

టిన్నును కాగితంమీద వుంచి, పెన్సిలుతో గీత గీసి, ఆ కొలతకు కత్తిరించాలి. అడుగున కొద్దిగా నెయ్యి పూస్తే కాగితం కదలదు. బటరు పేపరు దొరకని ఊళ్లో అరటాకును సెగమీద వాడ్చి, కత్తిరించి, నెయ్యి రాసి పరచవచ్చు. వార్తాపత్రిక మాత్రం ఎన్నడూ పరచకూడదు. దాని సిరాలోని రసాయనాలు ఆహారంలోకి చేరతాయని భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2023 సెప్టెంబరులో ప్రజలను హెచ్చరించింది.

అంటుకోని పూతలకు కూడా ఒక చరిత్ర వున్నది. 1938లో అమెరికాలో రాయ్ ప్లంకెట్ అనే రసాయన శాస్త్రవేత్త, శీతలీకరణ వాయువులపై పరిశోధిస్తూ, అనుకోకుండా టెఫ్లాన్ పదార్థాన్ని కనుగొన్నాడు. 1950ల మధ్యలో ఫ్రాన్సులో మార్క్ గ్రెగువార్ దానిని వంటపాత్రలకు పూయగలిగాడు. ఆ పూత వున్న టిన్ను దొరికినా, సన్నని నెయ్యిపొర, అడుగున కాగితం వుంటేనే భద్రం.

దించిన తరువాత పది నిమిషాలు

సగం కేకులు పొయ్యి దించిన తరువాతే విరుగుతాయి. అప్పుడే దించిన కేకు పసిబిడ్డ వంటిది. లోపలి ఆవిరి ఇంకా తగ్గదు, గుజ్జు ఇంకా బిగువు కాదు. ఆ క్షణాన బోర్లిస్తే రెండు ముక్కలవుతుంది. పూర్తిగా చల్లారనిస్తే నెయ్యి గడ్డకట్టి, పాకం బిగిసి, అడుగున చెమట పట్టి అతుక్కుంటుంది. ఈ రెండింటికీ నడుమనున్న పది, పదిహేను నిమిషాలే అనువైన సమయం. అట్టు కాలినప్పుడు తానే పెనం వదులుతుందని మనకు తెలుసు. కేకు కూడా అంతే. ఉడికిన కేకు టిన్ను అంచునుంచి కొద్దిగా దగ్గరకు ముడుచుకుంటుంది. నడుమ గుచ్చిన శుభ్రమైన పుల్లకు తడి అంటకూడదు. అప్పుడు పలుచని చాకును అంచు వెంబడి నిలువుగా ఒక చుట్టు తిప్పి, పళ్లెం మూసి, రెండూ కలిపి బోర్లించాలి.

అయినా రాకపోతే బలం ఉపయోగించవద్దు. వేడినీటిలో పిండిన గుడ్డమీద టిన్నును రెండు నిమిషాలు వుంచండి. చల్లారిన టిన్నయితే సన్నని సెగమీద కొద్ది క్షణాలు చూపండి. గడ్డకట్టిన నెయ్యి కరిగి దారి ఇస్తుంది. అప్పటికీ విరిగితే ముక్కలను గిన్నెలలో సర్ది, పైన చిక్కని కస్టర్డు పోసి, అరటిపండు ముక్కలు చల్లండి. ఇంగ్లండులో ఇటువంటి తీపివంటకం ఇళ్లలో కూడా మామూలే.

అన్ని కేకులకూ ఈ పూత పనికిరాదన్నది కూడా గుర్తుంచుకోవలసిన మాట. కోడిగ్రుడ్డు తెల్లసొన నురుగుతో, వెన్న లేకుండా చేసే తేలికపాటి కేకు టిన్ను గోడలను పట్టుకునే పైకి పాకుతుంది. నెయ్యి పూస్తే పట్టు దొరకక కుంగిపోతుంది. దానిని పొడి టిన్నులోనే పోసి, దించిన తరువాత టిన్నుతో సహా తలకిందులుగా చల్లార్చి, చివరకు చాకుతో విడదీస్తారు.

ఇసుక గిన్నె సంగతి

మందమైన పాత గిన్నెలో రెండంగుళాల శుభ్రమైన ఇసుక పోసి, పైన మూడుకాళ్ల స్టాండు వుంచి, మూతపెట్టి పది నిమిషాలు కాగనివ్వాలి. కుక్కరు వాడేవారు రబ్బరు గాస్కెట్టు, విజిలు రెండూ తప్పక తీసివేయాలి. టిన్నును నేరుగా ఇసుకమీద పెడితే అడుగు మాడి, లోపల పచ్చిగా మిగులుతుంది. మంట సన్నగా వుండాలి. మొదటి అరగంట మూత తీయరాదు. చల్లగాలి తగిలినా, బేకింగ్ పౌడరు ఎక్కువైనా నడుమ గుంటపడుతుంది. మంట ఎక్కువైతే పైన పగులుతుంది. మైదా వేసిన తరువాత అతిగా గిలకొడితే కేకు రబ్బరులా సాగుతుంది. డబ్బాలోని బేకింగ్ పౌడరు పాతదని అనుమానమైతే, చిటికెడు వేడినీటిలో వేసి చూడండి. బుసబుస పొంగకపోతే కొత్త డబ్బా తెప్పించుకోవాలి.

1883లో కేరళలోని తలశ్శేరిలో మాంబళ్లి బాపు అనే బేకరీ యజమాని, మర్డాక్ బ్రౌన్ అనే తోటల దొర తెచ్చిచూపిన ఇంగ్లీషు కేకును నమూనాగా తీసుకుని, స్థానిక సరుకులతో క్రిస్మస్ కేకు చేశాడని ప్రసిద్ధి. అచ్చును ధర్మడంలోని కమ్మరిచేత చేయించుకున్నాడని చెబుతారు. అంటే మన దేశంలో కేకు మొదటినుంచీ అనువాదమే. మూలంలోని మాటను వదలి, ఇక్కడి నిప్పును, ఇక్కడి పాత్రను తెలుసుకున్నవాడికే అది లొంగింది.

కనుక మీ ఇంటి వంట పుస్తకం తీయండి. "టిన్నుకు నూనె రాయండి" అన్నచోట పెన్సిలుతో కొట్టివేసి, "గడ్డనెయ్యి, మైదా పూసి, అడుగున కాగితం పరచి, దించిన పది నిమిషాలకు తీయండి" అని వ్రాసుకోండి. పుస్తకం తరువాతి తరం చేతికి వెళ్లినప్పుడు, ఆ ఒక్క పంక్తి ఎన్నో పుట్టినరోజులను కాపాడుతుంది.