అమ్మేటప్పుడు ఇద్దరూ... చెడితే ఎవరూ లేరా?

ఫోన్ పాడైతే ఎవరిని అడగాలి? వినడానికి చిన్న ప్రశ్నే. కానీ అమెరికాలో ఉంటున్న మన తెలుగువారిలో దీనికి ఠక్కున జవాబు చెప్పగలిగేవారు తక్కువే. నెట్‌వర్క్ ఇచ్చే క్యారియర్ స్టోరుకి వెళ్తే 'ఇది తయారీ లోపం, కంపెనీని అడగండి' అంటారు. కంపెనీకి ఫోన్ చేస్తే 'సిగ్నల్ సమస్య కావచ్చు, ముందు మీ క్యారియర్‌తో మాట్లాడండి' అంటారు. ఇద్దరి మధ్యా తిరిగేది మనం. నెల తిరిగేసరికి బిల్లు మాత్రం టంచనుగా వస్తుంది. పనిచేయని ఆ ఫోన్ వాయిదా కూడా అందులోనే ఉంటుంది!

పుట్టిన ఊరికి వేల మైళ్ల దూరంలో బతుకుతున్న మనకు ఫోన్ అంటే మాట్లాడుకునే పెట్టె ఒక్కటే కాదు. బ్యాంకు ఓటీపీ వచ్చేది అందులోకే. ఆఫీసు లాగిన్‌కి కోడ్ ఇచ్చేది అదే. గ్యాస్ స్టేషన్‌లోనో మోటల్‌లోనో పనిచేసేవారికి రేపటి షిఫ్టు ఎప్పుడో తెలిసేది అందులోనే. ఓపీటీ మీద ఉద్యోగం వెతుక్కుంటున్న పిల్లలకు ఇంటర్వ్యూ కాల్ వచ్చేదీ దానికే. ఇక తెల్లవారుజామున ఊళ్లో అమ్మానాన్నలకు ఒంట్లో బాగోలేదన్న కబురు అందేది దాని ద్వారానే. అలాంటి వస్తువు వారం రోజులు మూలన పడితే మనకు జరిగే నష్టం రిపేరు ఖర్చుతో తేలేది కాదు. అందుకే ఈ 'నువ్వంటే నువ్వు' ఆటను తేలిగ్గా తీసుకోకూడదు.

మా మాట సూటిగా చెబుతున్నాం. లోపాన్ని సరిచేసే భారం తయారీదారుదే. కానీ ఫోన్‌ను తన కౌంటర్లో అమ్మి, నెలనెలా వాయిదా వసూలు చేసుకునే క్యారియర్ 'నాకు సంబంధం లేదు' అనడానికి వీల్లేదు. ఫిర్యాదు తీసుకుని, ఫోన్‌ను కంపెనీకి చేర్చి, బాగుచేయించో మార్పించో మన చేతికి ఇవ్వాల్సింది అమ్మినవాడే. ఆ ఖర్చు ఎవరెంత భరించాలన్నది వాళ్లూ వాళ్లూ తేల్చుకోవాలి. ఆ లెక్క మనదాకా రాకూడదు.

ఈ గొడవ కొత్తది కాదు

2010 జనవరిలో గూగుల్ సంస్థ నెక్సస్ వన్ ఫోన్‌ను తన వెబ్‌సైట్ ద్వారా నేరుగా అమ్మింది. తయారుచేసింది హెచ్‌టీసీ. నెట్‌వర్క్ టీ-మొబైల్‌ది. విడిగా కొంటే 529 డాలర్లు, టీ-మొబైల్‌తో రెండేళ్ల ఒప్పందం కుదుర్చుకుంటే 179 డాలర్లు. కొన్నాళ్లకే 3జీ సిగ్నల్ సరిగా అందడం లేదని కొన్నవాళ్లు గగ్గోలు పెట్టారు. ఎవరిని అడగాలి? గూగుల్‌కు అప్పట్లో ఈ-మెయిల్ రాయడమే మార్గం. టీ-మొబైల్‌ను అడిగితే హెచ్‌టీసీ అని, హెచ్‌టీసీని అడిగితే మరొకరని తిప్పుతున్నారంటూ జనం మండిపడ్డారు. తర్వాత ఫిబ్రవరిలో గూగుల్ ఫోన్ సపోర్టు పెట్టింది, సాఫ్ట్‌వేర్ కూడా సవరించింది. మే నెలకల్లా ఆ ఆన్‌లైన్ దుకాణాన్నే ఎత్తేస్తున్నామని ప్రకటించింది.

ఇందులో అసలు తమాషా ఇంకోటుంది. రెండేళ్ల ఒప్పందం మధ్యలో మానుకుంటే టీ-మొబైల్‌కు 200 డాలర్లు, గూగుల్‌కు విడిగా 350 డాలర్లు కట్టాలని మొదట నిబంధన పెట్టారు. రెండూ కలిపితే 550. అంటే ఫోన్ అసలు ధరకన్నా ఎక్కువ! జరిమానా పుచ్చుకోవడానికి ఇద్దరూ ఉన్నారు. తప్పు సరిచేయమంటే మాత్రం తిలా పాపం తలా పిడికెడు. ఆ జనవరిలోనే అమెరికా టెలికాం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ ఈ రుసుముల మీద గూగుల్‌నూ, పెద్ద క్యారియర్లనూ వివరణ కోరింది. తర్వాత గూగుల్ తన వాటాను 150 డాలర్లకు తగ్గించుకుంది.

'మేం తయారుచేయలేదుగా!'

క్యారియర్ల వాదన కొట్టిపారేయదగ్గది కాదు. 'వందల రకాల ఫోన్లు అమ్ముతాం, ఏ చిప్‌లో ఏ లోపముందో మాకెలా తెలుస్తుంది? మా పని నెట్‌వర్క్' అంటాయి. నిజమే. వేరేచోట కొని తెచ్చుకున్న ఫోన్‌కు క్యారియర్‌ను పట్టుకుంటే అది అన్యాయమే. ఇండియా నుంచి తెచ్చుకున్న ఫోన్ల సంగతి చూడండి. 2022లో ఇక్కడి క్యారియర్లు 3జీ నెట్‌వర్కులు మూసేసినప్పుడు అలాంటివి కొన్ని కాల్స్‌కు పనికిరాకుండా పోయాయి. ఆ ఫోన్లలో తయారీ లోపమేమీ లేదు. ఇక్కడి నెట్‌వర్కుకు అవి సరిపడలేదు, అంతే.

కానీ క్యారియర్ తానే అమ్మిన ఫోన్ సంగతి వేరు. ఏ మోడల్ అమ్మాలో ఎంచుకునేది క్యారియర్. వాయిదాలు తీరేదాకా వేరే సిమ్ పనిచేయకుండా లాక్ వేసేదీ అదే. చాలా ఫోన్లలో సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ మనదాకా రావాలంటే క్యారియర్ పరీక్షించి సరేననాలి. 2016లో శాంసంగ్ గెలాక్సీ నోట్ 7 వ్యవహారం గుర్తుందా? బ్యాటరీలు వేడెక్కి మంటలు రావడంతో సెప్టెంబర్‌లో ఇక్కడ దాదాపు 10 లక్షల ఫోన్లు వెనక్కి పిలిచారు. మార్చి ఇచ్చినవీ కాలడంతో అక్టోబర్‌లో ఆ సంఖ్య 19 లక్షలకు పెరిగింది. విమానాల్లోకి ఆ ఫోన్ తీసుకురావద్దని ప్రభుత్వం నిషేధించింది. డిసెంబర్‌లో, ఇంకా జనం చేతుల్లో మిగిలినవి చార్జ్ కాకుండా చేసే అప్‌డేట్ పంపుతామని శాంసంగ్ ప్రకటిస్తే, మా వినియోగదారులకు దాన్ని పంపబోమని వెరైజన్ అదేరోజు చెప్పింది. పండగ ప్రయాణాల్లో ఉన్నవారికి అత్యవసరంలో ఫోన్ లేకుండా పోతుందన్నది దాని కారణం. చివరికి జనవరిలో పంపడానికి ఒప్పుకుంది.

వెరైజన్ చెప్పిన కారణంలో న్యాయం ఉందనే అనుకుందాం. మేం అడిగేది ఒక్కటే. తయారుచేసిన కంపెనీ మాటను కూడా ఆపగలిగేంత అధికారం ఫోన్ మీద క్యారియర్‌కు ఉన్నప్పుడు, బాధ్యత మాత్రం లేకుండా ఎలా పోతుంది? పెత్తనం కావాలి, పూచీ వద్దంటే కుదురుతుందా?

చట్టం ఏమంటోంది?

అమెరికాలో 1975 నుంచి మాగ్నసన్-మాస్ వారంటీ చట్టం ఉంది. రాతపూర్వకంగా వారంటీ ఇచ్చినవాడు దానికి కట్టుబడాలి. ఫోన్ల విషయంలో అలా రాసిచ్చేది ఎక్కువగా తయారీదారే, కాలపరిమితి సాధారణంగా ఏడాది. 'మా దగ్గరే రిపేరు చేయించాలి, మా విడిభాగాలే వాడాలి, లేదంటే వారంటీ చెల్లదు' అని షరతు పెట్టడం కూడా ఈ చట్టం ప్రకారం సాధారణంగా కుదరదు. 2018లో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఇలాంటి షరతుల మీద ఆరు కంపెనీలకు హెచ్చరిక లేఖలు పంపింది.

రాయకపోయినా ఉండే వారంటీ ఇంకొకటి ఉంది. వ్యాపారి అమ్మిన వస్తువు మామూలు వాడకానికి పనికిరావాలన్నది రాష్ట్రాల వాణిజ్య చట్టాల్లో ఉన్న సూత్రం. ఇది తయారీదారు కన్నా ముందు అమ్మినవాడికి వర్తిస్తుంది. 'ఉన్నదున్నట్టు అమ్ముతున్నాం' అని రాసి దీన్నుంచి తప్పించుకునే వీలు చాలా రాష్ట్రాల్లో ఉన్నా, కొన్ని రాష్ట్రాలు ఒప్పుకోవు. కాబట్టి స్టోరులో కుర్రాడు 'మాకేం సంబంధం లేదు' అన్నంత మాత్రాన అదే చట్టం అనుకోకూడదు.

అయితే కోర్టు దారి మాత్రం ఇరుకైపోయింది. ఉచితమని చెప్పిన ఫోన్‌కు 30 డాలర్ల 22 సెంట్లు పన్ను వేశారని కాలిఫోర్నియా దంపతులు ఏటీఅండ్‌టీ మీద వేసిన దావా సుప్రీంకోర్టుదాకా వెళ్లింది. అందరి తరఫునా కలిసి దావా వేయకూడదు, ఎవరికి వారే మధ్యవర్తి దగ్గర తేల్చుకోవాలన్న కంపెనీ షరతు చెల్లుతుందని 2011 ఏప్రిల్ 27న తీర్పు వచ్చింది. ముప్పై డాలర్ల కోసం ఒంటరిగా ఎవరు పోరాడతారు? కంపెనీల ధీమా అంతా అదే.

మూడేళ్ల వాయిదా... ఏడాది వారంటీ

ఒకప్పుడు రెండేళ్ల ఒప్పందం మీద ఫోన్ చవగ్గా ఇచ్చేవారు. 2013లో టీ-మొబైల్ ఆ పద్ధతి మానేసింది, మిగతావీ అదే బాట పట్టాయి. దాని స్థానంలో వాయిదాలు వచ్చాయి. ఇప్పుడు ఏటీఅండ్‌టీ, వెరైజన్‌లలో 36 నెలల వాయిదా మామూలైపోయింది. కంపెనీ వారంటీ చూస్తే 12 నెలలు. అంటే 13వ నెలలో ఫోన్ చచ్చిపోతే ఇంకా 24 నెలలు డబ్బు కడుతూనే ఉండాలి!

ఇది న్యాయమా? వాయిదా ఎన్నాళ్లో, తయారీ లోపాలకు పూచీ కూడా అన్నాళ్లు ఉండాలన్నది మా అభిప్రాయం. నెలకు ఇంత అని బీమా అంటగట్టి, తీరా అడిగితే మళ్లీ డిడక్టబుల్ కట్టమనడం దీనికి జవాబు కాదు. బీమా ఉన్నది చేజారి పగిలినప్పుడు, నీళ్లలో పడినప్పుడు, దొంగలు పట్టుకుపోయినప్పుడు ఆదుకోవడానికి. పుట్టుకతో ఉన్న లోపానికి మనమెందుకు ప్రీమియం కట్టాలి?

మన రాష్ట్రాల్లో ఫోన్ ఒకచోట, సిమ్ ఇంకోచోట కొనడం అలవాటు కాబట్టి ఈ చిక్కు పెద్దగా ఎదురుకాదు. పైగా లోపమున్న వస్తువు వల్ల హాని జరిగితే తయారీదారు, అమ్మినవారు, సర్వీసు ఇచ్చినవారు... ఎవరి పాత్రను బట్టి వారిని బాధ్యులను చేసే వీలు 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కల్పించింది. అమెరికాలోనూ కదలిక వచ్చింది. న్యూయార్క్, మిన్నెసోటా, కాలిఫోర్నియా, ఒరెగాన్ రాష్ట్రాలు 2022-24 మధ్య 'రిపేరు హక్కు' చట్టాలు చేశాయి. విడిభాగాలు, పనిముట్లు, రిపేరు సమాచారం కంపెనీలు బయటివారికీ ఇవ్వాలన్నది వీటి సారాంశం. మంచిదే. కానీ ఎవరి ఖర్చుతో బాగుచేయాలన్న ప్రశ్నకు ఇవి జవాబివ్వవు.

మరి మనం ఏం చేయాలి?

ఫోన్ కొన్న తొలి వారాల్లోనే లోపం కనిపిస్తే రిపేరు మాట ఎత్తవద్దు. వాపసు గడువు ఉంటుంది, సాధారణంగా 14 నుంచి 30 రోజులు. వెంటనే తిరిగిచ్చేయాలి. గడువు దాటితే లోపం ఎక్కడుందో ముందు మనమే తేల్చుకోవాలి. మన లైన్ మరో ఫోన్‌లో బాగా పనిచేస్తే తప్పు ఫోన్‌ది. ఇంట్లో వేరే ఫోన్లకూ అదే క్యారియర్ సిగ్నల్ అందకపోతే తప్పు నెట్‌వర్క్‌ది. ఈ ఒక్క పరీక్షతో సగం వాదన తగ్గుతుంది.

ఏం మాట్లాడినా రాతలో ఉండాలి. చాట్‌లో మాట్లాడితే కాపీ దాచుకోండి. స్టోరుకు వెళ్తే తేదీ, చెప్పిన మాట రాసుకోండి. బదులు ఫోన్ ఇస్తామంటే కొత్తదా, బాగుచేసిన పాతదా అని అడగండి. కొన్నప్పుడు వాడిన క్రెడిట్ కార్డు అదనపు వారంటీ ఇస్తుందేమో చూడండి. నెట్‌వర్క్, బిల్లు గొడవలకు ఎఫ్‌సీసీకి ఉచితంగా ఫిర్యాదు చేయొచ్చు, కంపెనీ 30 రోజుల్లో జవాబివ్వాలి. ఫోన్ లోపమైతే మీ రాష్ట్ర అటార్నీ జనరల్ కార్యాలయంలో వినియోగదారుల విభాగం ఉంటుంది. మధ్యవర్తి షరతు ఉన్నా, స్మాల్ క్లెయిమ్స్ కోర్టుకు వెళ్లే దారిని ఒప్పందాలు సాధారణంగా తెరిచే ఉంచుతాయి. అక్కడ లాయర్ అవసరం లేదు, వీసా మీద ఉన్నవాళ్లమని వెనకాడాల్సిన పనీ లేదు.

ఒక్క పని మాత్రం చేయొద్దు. కోపంతో వాయిదా కట్టడం ఆపేయొద్దు. ఆ బాకీ వసూళ్ల ఏజెన్సీకి వెళ్తే క్రెడిట్ స్కోరు దెబ్బతింటుంది. రేపు కారుకో ఇంటికో అప్పు కావాల్సినప్పుడు ఆ దెబ్బ తెలుస్తుంది. కడుతూనే కొట్లాడాలి. అలాగే ఇక్కడ కొన్న ఫోన్‌ను ఊళ్లో వాళ్లకు పంపేముందు లాక్ తీశారో లేదో, వారంటీ ఇండియాలో చెల్లుతుందో లేదో చూసుకోవాలి. చాలా సందర్భాల్లో చెల్లదు.

మనవాళ్లలో ఒక అలవాటుంది. 'పరాయి దేశం, మనకెందుకొచ్చిన గొడవ' అనుకుని జేబులోంచి డబ్బు తీసి ఇంకో ఫోన్ కొనేస్తాం. అలా కొన్న ప్రతిసారీ ఆ ఇద్దరికీ తాము చేసింది సరైనదేనన్న ధైర్యం వస్తుంది. అడగందే అమ్మయినా పెట్టదంటారు. వీళ్లు అమ్మలు కూడా కారు. కాబట్టి గట్టిగా అడుగుదాం, రాసి అడుగుదాం, జవాబు వచ్చేదాకా అడుగుదాం.