ఆవాలు చల్లితే తెరుచుకున్న కొండ

దసరా సెలవులకి మా మనవరాలు హాస్టలు నుంచి వచ్చింది. ఇంటర్ మొదటి సంవత్సరం. మేం ఉండేదీ విజయవాడే, కాలేజీ ఉన్నదీ విజయవాడే, అయినా పిల్ల ఉండేది మాత్రం ఊరి చివర హాస్టల్లో! ఈ రోజుల్లో అంతే కదండీ. ఇంట్లో ఉంటే టీవీ, ఫోను, చుట్టాలు... చదువు సాగదని మా అల్లుడిగారి వాదన.

మాసిన బట్టలు తీద్దామని పెట్టె తెరిచాను. అట్టడుగున, తువ్వాల్లో చుట్టి, ఇటుకంత లావు పుస్తకం చేతికి తగిలింది. ఒక్క క్షణం గుండె గుభేలుమంది. తీరా చూస్తే హారీ పోటర్!

"దాచడం ఎందుకే?" అన్నాను.

"సిలబస్‌లో లేని పుస్తకం కనిపిస్తే లాగేసుకుంటారు అమ్మమ్మా" అంది.

వాళ్ళమ్మ కూడా అంతే, వేసవి మధ్యాహ్నాలు చందమామ చేతిలో పెట్టుకుని అన్నం సంగతే మరిచిపోయేది. పిల్లని వంటింటి గట్టు మీద కూచోబెట్టి, "నేను పులిహోర కలుపుతాను, నువ్వు కథ చెప్పు" అన్నాను. ఆ పోటర్ గారి గురించి వినడమే గానీ నాకూ ఏమీ తెలీదు.

చెప్పింది. రౌలింగ్ అనే ఇంగ్లండు ఆవిడ 1997లో మొదటి పుస్తకం రాసిందట, 2007 నాటికి మొత్తం ఏడు. హాగ్వార్ట్స్ అని మంత్రాల బడి. పదకొండేళ్ళు నిండితే గుడ్లగూబ ఉత్తరం తెస్తుంది. లండన్‌లో కింగ్స్ క్రాస్ స్టేషన్‌లో తొమ్మిదీ ముప్పావు నంబరు ప్లాట్‌ఫారం మీద రైలు ఎక్కాలి. అది చేరాలంటే ఎదురుగా ఉన్న గోడలోకి నిర్భయంగా నడిచిపోవాలట, అనుమానపడితే దెబ్బ తగుల్తుంది. బడి పెట్టి వెయ్యేళ్ళు. పెట్టినవాళ్ళు నలుగురు, అందులో ఇద్దరు ఆడవాళ్ళు. ఆ ఇద్దరిలో హెల్గా అనే ఆవిడ, తెలివైనవాళ్ళూ ధైర్యవంతులూ అని ఏరకుండా వచ్చిన పిల్లలందర్నీ చేర్చుకునేదట. వంటల మంత్రాల్లో కూడా ఆవిడదే పెద్ద చెయ్యి! నాకు ఆవిడ అక్కడికక్కడే నచ్చేసింది.

"మంత్రాల బళ్ళో పరీక్షలుండవేమో, హాయి!" అన్నాను.

"ఎందుకుండవు! కానీ ఆటలుంటాయి, లైబ్రరీ ఉంటుంది. ఒంట్లో బాగాలేకపోతే పక్కన కూచుని చూసుకునే నర్సమ్మ ఉంటుంది" అని కాస్త ఆగి, "మనకి అలాంటి బడి లేదు కదమ్మమ్మా" అంది.

సరిగ్గా అప్పుడే నా మూకుడులో ఆవాలు చిటపటమన్నాయి. ఆ చప్పుడుకి, ఎప్పుడో చదివిన భావవివేకుడి కథ గుర్తొచ్చింది.

క్రీ.శ. ఏడో శతాబ్దంలో హ్యూయాన్‌త్సాంగ్ అనే చైనా భిక్షువు మన దేశమంతా తిరిగాడని చిన్నప్పుడు సోషల్ పుస్తకంలో చదువుకున్నాం కదా. ఆయన మన కృష్ణ ఒడ్డుకీ వచ్చాడు. ధాన్యకటక దేశం అని రాశాడు. అప్పటి రాజధాని బెజవాడే అని వెనకటి ఇంగ్లీషు పండితులు కొందరన్నారు. అమరావతి పక్కన ఉన్న ధరణికోటే అని ఎక్కువ మంది మాట. ఎటు చూసినా మన కృష్ణమ్మ ఒడ్డే.

ఆ నగరానికి దక్షిణాన ఓ పెద్ద కొండ చరియ ఉందని, అందులో భావవివేకుడనే ఆచార్యుడు ఉన్నాడని రాశాడాయన. పక్కన కాదు సుమండీ, లోపల! భావవివేకుడు గొప్ప తార్కికుడు. మనసులో ఉన్న సందేహాలు తీర్చగలవాడు రాబోయే మైత్రేయ బుద్ధుడొక్కడే అని, ఆయన వచ్చేదాకా బతికి ఉండాలని పట్టుబట్టాడు. వజ్రపాణి మంత్రం మూడేళ్ళు జపించాడు. కొండ లోపల అసురుల మేడ ఉంది, అందులో ఉండి ఎదురు చూడమన్నారు. అప్పుడాయన ఆవాలు మంత్రించి బండకేసి కొట్టాడట. బండ తలుపులా తెరుచుకుంది! చూడ్డానికి వేలాది మంది పోగయ్యారు. రండి రండి అని పిలిస్తే, అమ్మో పాముల పుట్ట అని అందరూ వెనక్కి తగ్గారు. ఆరుగురు మాత్రం ఆయన వెంట వెళ్ళారు. బండ మూసుకుపోయింది. బయట నిలబడ్డవాళ్ళు అయ్యో అని చేతులు నలుపుకున్నారట.

మా పిల్ల కళ్ళు ఇంతింతయ్యాయి. "ఇది తొమ్మిదీ ముప్పావు ప్లాట్‌ఫారమే అమ్మమ్మా!" అంది. నిజమే కదా. అక్కడ గోడ, ఇక్కడ కొండ. మనం దిష్టి తీసి పొయ్యిలో వేసే ఆవాలు ఆ రోజుల్లో కొండల్ని తెరిచాయన్నమాట!

పరుసవేది కథ కూడా మనకుంది. పోటర్ మొదటి పుస్తకమంతా ఆ రాయి చుట్టూనే తిరుగుతుందట. హ్యూయాన్‌త్సాంగే ఆచార్య నాగార్జునుడి గురించి రాశాడు. సాతవాహన రాజు ఆయన కోసం కొండ తొలిపించి ఐదంతస్తుల విహారం కట్టిస్తున్నాడు. సగంలో ఖజానా ఖాళీ. (ఇల్లు కట్టించిన మనకి ఇది కొత్తా?) రాజు దిగులు చూసి నాగార్జునుడు అడవిలో రాళ్ళ మీద ఏదో రసాయనం చల్లాడు. మర్నాడు వేటకెళ్ళిన రాజుకి బండలన్నీ బంగారమై కనిపించాయి. ఆ తర్వాత ఎప్పుడో లోపలి భిక్షువులు తమలో తాము తగువులాడుకున్నారు, చివరికి ద్వారం మూసేశారు, దారి ఎవరికీ తెలీకుండా పోయింది అని కథ. శూన్యవాదం చెప్పిన నాగార్జునుడు వేరు, రసవాదం చేసిన సిద్ధ నాగార్జునుడు చాలా వందల ఏళ్ళ తర్వాతి మనిషి అని పండితులంటారు. జనం మాత్రం ఇద్దర్నీ కలిపేసి ఒకే మంత్రగాణ్ణి చేసుకున్నారు.

ఇంతకీ అసలు విషయం చెప్పాలి. రాళ్ళు బంగారం కాలేదు గానీ, నాగార్జునకొండలో రాళ్ళ మీద బంగారం లాంటి సంగతులు దొరికాయి. 1926లో ఆ లోయ సంగతి బయటపడింది. నాగార్జునసాగర్ ఆనకట్టకి 1955లో నెహ్రూ గారు శంకుస్థాపన చేశారు. ఎలాగూ మునిగిపోతుందని 1954 నుంచి 1960 దాకా లోయనంతా తవ్వి చూశారు. అక్కడున్నది ఒక బడి కాదు, బళ్ళ ఊరు! విహారాలు, పిల్లలూ గురువులూ ఉండే చిన్న చిన్న గదులు, మధ్యలో స్తంభాల మండపం, భోజనశాల, సామాన్ల కొట్టు. ఒక శాసనంలో కాశ్మీరం, గాంధారం, చైనా, వంగదేశం దాకా ధర్మం చెప్పి వచ్చిన సింహళ ఆచార్యుల మాట ఉంది.

ఆ శాసనం వేయించింది ఎవరనుకున్నారు? రాజూ కాదు, మంత్రీ కాదు. బోధిసిరి అనే గృహిణి. మనలాంటి ఆవిడే! ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి పద్నాలుగో ఏట, అంటే క్రీ.శ. మూడో శతాబ్దంలో. సింహళ ఆచార్యుల కోసం ఓ చైత్యగృహం కట్టించింది. ఇంకా ఎక్కడెక్కడ ఏమేం చేయించిందో అన్నీ పద్దు రాసినట్టు రాయించింది. ఒకచోట ఒక గది, ఇంకోచోట మూడు గదులు, మరోచోట ఏడు గదులు. పూర్వశైలలో ఓ చెరువు. కంటకశైలలో మహాచైత్యం తూర్పు వాకిట రాతి మండపం. ఈ కంటకశైల ఏదో తెలుసా? మన కృష్ణా జిల్లా ఘంటసాల! చివర్న పని చేసిన శిల్పి విధికుడి పేరు కూడా వేయించింది. మనం గృహప్రవేశం శుభలేఖలో మేస్త్రీ పేరు ఎప్పుడైనా వేయించామా?

నాకు అన్నిటికన్నా ముచ్చటేసింది పేర్ల వరస. ఈ పుణ్యం ఎవరెవరికి అని చెబుతూ భర్త, మామగారు, అత్తగారు, మరుదులు, ఆడపడుచు, తర్వాత పుట్టింటి తాత, నాయనమ్మ, అమ్మ, నాన్న, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు, కూతుళ్ళు, కోడళ్ళు... ఒక్కర్నీ వదల్లేదు. ఎవర్ని మరిచినా రేపు పెళ్ళిలో మాట పడాల్సి వస్తుందని ఆవిడకీ తెలుసు!

అక్కడి మహాచైత్యాన్ని పూర్తి చేయించింది కూడా ఓ స్త్రీయే, శాంతిసిరి. రాజుగారి మేనత్త, పైగా అత్తగారు. ఇంగ్లీషు కథలో బడి పెట్టిన నలుగురిలో ఇద్దరే ఆడవాళ్ళు. మన దగ్గర లెక్క ఇంకా మెరుగే.

మన ధాన్యకటకం పేరు ఎంత దూరం వెళ్ళిందంటే, టిబెట్‌లో లాసా దగ్గర 1416లో కట్టిన మహావిద్యాలయం డ్రెపుంగ్‌కి ఆ పేరు మన ఊరి నుంచే వెళ్ళింది. ఆ మాటకి అర్థం బియ్యపు రాశి. కాలచక్ర తంత్రాన్ని బుద్ధుడు ధాన్యకటకంలోనే చెప్పాడని వాళ్ళ నమ్మకం. అందుకే 2006 జనవరిలో దలైలామా అమరావతిలో కాలచక్ర ఉత్సవం జరిపారు. మేం చూడ్డానికి వెళ్ళాం. ఎర్ర బట్టల భిక్షువులు మన అరటిపళ్ళ బళ్ళ దగ్గర బేరమాడుతుంటే భలేగా ఉండింది.

ఇంతకీ హ్యూయాన్‌త్సాంగ్ వచ్చేనాటికే ఇక్కడి విహారాలు చాలామటుకు పాడుబడ్డాయి. ఇరవై దాకా మిగిలాయి, వెయ్యి మంది భిక్షువులున్నారు అని రాశాడు. అయినా ఆ మహా పండితుడు ఇక్కడ కొన్ని నెలలు ఆగి, సుభూతి, సూర్యుడు అనే ఇద్దరు భిక్షువుల దగ్గర వాళ్ళ శాస్త్రం చెప్పించుకున్నాడు. బదులుగా తనకొచ్చింది వాళ్ళకి చెప్పాడు. ఎవరు మాస్టారు, ఎవరు స్టూడెంటు అన్న పట్టింపే లేదు.

"మరి ఆ పిల్లలు ఎలా ఉండేవాళ్ళు అమ్మమ్మా? హాస్టల్లో మాలాగేనా?" అంది మా పిల్ల.

దీనికి జవాబు ఇంకో చైనా యాత్రికుడు ఇత్సింగ్ రాసి పెట్టాడు. ఏడో శతాబ్దం చివర్లో వచ్చి మన దేశపు విహారాల్లో దినచర్య అంతా పూసగుచ్చినట్టు రాశాడు. పొద్దున్నే పళ్ళపుల్ల నమలాలి. నీళ్ళు వడగట్టి, పురుగు లేదని చూసి మరీ తాగాలి. భోజనం మధ్యాహ్నం లోపే. రాత్రి మొదటి జామునా చివరి జామునా శిష్యుడు గురువు దగ్గరికి వెళ్తాడు. గురువు ముందు హాయిగా కూచోమంటాడు, తర్వాతే పాఠం. శిష్యుడు గురువుకి ఒళ్ళు పడతాడు, బట్టలు మడత పెడతాడు, గది ఊడుస్తాడు. ఇదంతా ఒక ఎత్తు. శిష్యుడికి జబ్బు చేస్తే మాత్రం గురువే స్వయంగా సేవ చేస్తాడు, మందులు తెచ్చి ఇస్తాడు, కన్నబిడ్డలా చూసుకుంటాడు అని రాశాడు ఇత్సింగ్.

అది విని పిల్ల తల దించుకుంది. పులిహోర పోపులోంచి ఏరిన వేరుశెనగ పప్పు చేతిలోనే ఉండిపోయింది.

విషయం ఏమిటంటే, ఆగస్టులో దానికి జ్వరం వచ్చింది. నూట రెండు. మూడు రోజులు గదిలో ఒక్కతే పడుకుంది. ఒక మాత్ర ఇచ్చి, మిగతా పిల్లలు స్టడీ అవర్‌కి వెళ్ళాక తలుపు దగ్గరికి వేసి వెళ్ళిపోయేవారట. మాకు తెలిసింది ఆదివారం, ఫోను వంతు వచ్చినప్పుడు. అప్పటికి తగ్గిపోయింది కదా అని మేమూ పెద్దగా పట్టించుకోలేదు. "నర్సమ్మ పక్కన కూచుంటుంది" అన్నప్పుడు అది ఎందుకు ఆగిందో నాకు అప్పుడు అర్థమైంది. నాకు గొంతు పట్టేసింది.

ఆ రాత్రి మా అమ్మాయికీ అల్లుడిగారికీ ఇత్సింగ్ కథ నేనే చెప్పాను. అల్లుడిగారు మంచివారే. కాకపోతే ర్యాంకు మాటొస్తే గొంతు మారుతుంది. "అత్తయ్యగారూ, అవి ఆ రోజులు. ఇప్పుడు వెయ్యి మంది పిల్లలు" అన్నారు. "ఆ రోజుల్లోనూ వెయ్యి మందే బాబూ, హ్యూయాన్‌త్సాంగ్ లెక్క వేశాడు" అన్నాను. ఆయన నవ్వేశారు గానీ ఆ తర్వాత అన్నం తింటున్నంతసేపూ మాట్లాడలేదు.

మా అమ్మాయి ఊరుకోలేదు. అదే హాస్టల్లో పిల్లలున్న తల్లులకి ఫోన్లు చేసింది. సెలవులు అయ్యేలోపు తొమ్మిది మంది సంతకాలతో ఉత్తరం తయారైంది. అందులో అడిగింది పెద్దగా ఏమీ లేదు. పిల్లకి జ్వరం వస్తే ఆ రోజే ఇంటికి కబురు చెయ్యండి, తల్లి వచ్చి పక్కన కూచుంటానంటే రానివ్వండి. అంతే. దిగబెట్టడానికి వెళ్ళినప్పుడు ఇచ్చి వచ్చారు. చూస్తామన్నారు. చూడకపోతే వచ్చే ఏడు పిల్ల ఇంట్లోంచే చదువుతుందని, ఈసారి అన్నది మా అల్లుడిగారు!

వెళ్ళేముందు రోజు పులిహోర డబ్బా కట్టుకుని ప్రకాశం బ్యారేజి దాటి ఉండవల్లి గుహలకి వెళ్ళాం. కొండలో తొలిచిన నాలుగంతస్తులు, పైన పడుకున్న అనంతపద్మనాభస్వామి. అందరూ దణ్ణం పెట్టుకుంటుంటే మా పిల్ల పక్కకి వెళ్ళి బండకి చెయ్యి ఆనించి నిలబడింది. జేబులోంచి చారెడు ఆవాలు తీసింది దొంగపిల్ల, నా పోపుల డబ్బాలోంచి ఎప్పుడు కొట్టేసిందో! చల్లింది. బండ తెరుచుకోలేదు. రెండు పావురాళ్ళు మాత్రం వచ్చి ఏరుకు తిన్నాయి.

పుస్తకం ఈసారి దానితో పంపలేదు. నా దగ్గరే ఉంచుకున్నాను, రాత్రిళ్ళు కూడబలుక్కుని చదువుతున్నాను. ఇంగ్లీషు కొంచెం కష్టంగానే ఉంది. కార్తీకంలో దానికి ఔటింగ్ ఇస్తారట. పామర్రు, కూచిపూడి మీదుగా ఘంటసాల వెళ్దామని మాట ఇచ్చాను. అక్కడ పురావస్తు శాఖ వారి మ్యూజియం ఉంది, బోధిసిరి మండపం కట్టించిన ఊరు చూడాలి కదా. వెళ్ళొచ్చాక రాస్తాను.