ఐదుగురి ప్రార్థన

ఉపవాస కూటమికి నలుగురే వస్తే మన మనస్సు క్రుంగిపోతుంది. ఇంత కొద్దిమందితో ఏమి జరుగుతుందని అనుకుంటాము.

1854 జనవరి 1న తెల్లవారుజామున ఒంగోలు కొండమీద మోకరించినది ఐదుగురే. జూయెట్ దొరగారు, దొరసానిగారు, ముగ్గురు తెలుగు విశ్వాసులు. ఆ ఊరికి ఒక సేవకుని పంపమని ప్రభువును వేడుకున్నారు.

పన్నెండేళ్లు కనిపెట్టుకొని ఉన్న తరువాత, 1866లో క్లౌ దొరగారు అక్కడికి వచ్చారు. 1867లో సంఘము ఎనిమిది మందితోనే మొదలైంది. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున, వెల్లంపల్లిలో, ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మము పొందారు.

ఆవగింజను మొలిపించే దేవునికి మనం నలుగురమే చాలు. ఈ శుక్రవారము కూడా చాప పరచి, తలలు లెక్కపెట్టక, మోకరిద్దాము.