ఎల్బీనగర్ దాటినంక వణికే స్టీరింగు

సంక్రాంతి వచ్చిందంటే ఎల్బీనగర్ చౌరస్తా ఎట్లుంటదో కొత్తగ చెప్పేదేముంది. సగం సిటీ ఆడికెళ్లే విజయవాడ తొవ్వ పడతది. ఆ కార్లల్ల శానా మటుకు మలక్‌పేట, దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, కొత్తపేట మీదుగ మెట్రో పిల్లర్ల కింద పాకుకుంట వచ్చినయే. ముప్పై, నలభై దాటని స్పీడు. ఆడిదాక బండి మంచిగనే ఉంటది. హయత్‌నగర్ దాటి స్పీడు తొంభైకి పోయినంక, ముందటి లారీని చూసి బ్రేకు మీద కాలు పెట్టంగనే స్టీరింగు గడగడ వణుకుతది. ఎనక సీట్ల కూసున్నోళ్లు ఏమైందని అడుగుతరు. "ఏం లేదు, రోడ్డు గట్లుంది" అంటడు నడిపేటాయన.

రోడ్డు గట్ల లేదు. బండి గట్లున్నది. ఇంటికొచ్చినంక షెడ్డుకు తీస్కపోతే మెకానిక్ ఏం చేస్తడు? సందులకెళ్లి ఓ చక్కర్ కొట్టి వస్తడు. దిల్‌సుఖ్‌నగర్ ట్రాఫిక్‌ల తొంభై స్పీడు యాడ దొరుకుతది? వణుకు రాదు. దాని బదులు స్పీడ్ బ్రేకర్ కాడ ఠక్కుమని ఓ సప్పుడు వస్తది. "సార్, లోయర్ ఆర్ములు పోయినయ్" అంటడు. అబద్ధం కాదది, అవి గూడ పోయే ఉంటయి. కాని మనం చూపియ్యనికి పోయిన రోగం అది కాదు. పార్టులు మారుతయి, పైసలు పోతయి, మల్ల పండుగకు అదే హయత్‌నగర్ కాడ అదే వణుకు. రోగం పుట్టేది గల్లీల, బయటపడేది హైవే మీద, పరీక్ష చేసేది మల్ల గల్లీల. తిప్పలంత ఈడనే ఉన్నది.

నిదానంగ పోయేటప్పుడు, గుంతల్ల దిగేటప్పుడు వచ్చే సప్పుడు సస్పెన్షన్‌ది. లింక్ రాడ్, బాల్ జాయింట్, లోయర్ ఆర్మ్ బుష్, షాకప్ మౌంటు, వీటిల ఏదో ఒకటి. బ్రేకు ముట్టకున్నా ఎనభై, వంద మధ్యల స్టీరింగు ఊగితే ముందుగాల టైరు, రిమ్ము, బ్యాలెన్సింగ్ చూడాలె. స్పీడు పెరిగినకొద్ది హుమ్మని మోగుతుంటే బేరింగ్. బ్రేకు కొట్టినప్పుడే వణికితే డిస్క్ దిక్కు చూడాలె. చేతులకు తెలిస్తే మటుకు ముందటి చక్రాలు, సీటు కింద తెలిస్తే వెనకటివి. బ్రేకు కొట్టంగనే బండి ఒక దిక్కు గుంజుతుంటే క్యాలిపర్ పిన్నులు పట్టేసినయేమో చూడాలె. ఈ సంగతులు చెప్పాల్సింది మెకానిక్ కాదు, నడిపేటోడే. ఏ స్పీడుల, బ్రేకు ముట్టినప్పుడా ముట్టకుంటనా, చేతులకా సీటుకా అని చెప్తే సగం పని అయినట్టే. మనమేమో తాళం చేతుల పెట్టి "జర చూడు భాయ్" అని పోతం.

డిస్క్ కత జర ఇంకా ఉన్నది. అందరు "డిస్క్ వంకరపోయింది" అంటరు. శానా సార్లు వంకరపోయేది ఏముండదు. హబ్ మీద తుప్పు, మట్టి ఉండంగనే డిస్క్ ఎక్కిస్తరు. లేకుంటే గాలి గన్నుతోని వీల్ నట్లు ఒకటి గట్టిగ, ఒకటి వదులుగ బిగిస్తరు. ఇగ చక్రం తిరిగేటప్పుడు డిస్క్ వెంట్రుకవాసి పక్కకు ఊగుతది. ప్రతి చుట్టుకు అదే జాగల ప్యాడుకు రాసుకుంటది. కొన్ని వేల కిలోమీటర్లు పోయేసరికి ఆ జాగ అరిగి, డిస్క్ మందం ఒక్కోకాడ ఒక్కో తీరుగ అయితది. మిల్లీమీటర్ల వందో వంతు, రెండు వంతులు తేడా వచ్చినా చేతికి తెలుస్తది, కంటికి తెల్వది. డయల్ గేజ్ పెట్టి తిప్పి చూడాలె, మైక్రోమీటర్‌తోని ఏడెనిమిది కాడ మందం కొలవాలె. ఎంత మందం కంటే తగ్గొద్దో డిస్క్ మీదనే అచ్చు కొట్టి ఉంటది. ఇవేం చూడకుంట, హబ్ సాఫ్ చెయ్యకుంట కొత్త డిస్కులు ఎక్కిస్తే కొన్ని నెలలు మంచిగుంటది, తర్వాత మల్ల మొదటికే.

అట్లని బుష్‌ల మాట తీసిపారేసేది లేదు. లోయర్ ఆర్మ్ వెనక బుష్ చినిగి ఉంటే బ్రేకు పడంగనే చక్రం వెనకకు జరుగుతది, డిస్క్ ఇచ్చే చిన్న వణుకును పెద్దగ చేసి స్టీరింగుకు పంపుతది. ఇంకో ముచ్చట. బండి జాకీ మీద వేలాడేటప్పుడే బుష్ బోల్టు పూర్తిగ బిగిస్తే, కిందికి దించినంక రబ్బరు మెలిపడే ఉంటది, తొందరగ చినుగుతది. చక్రాల మీద బరువు పడ్డంకనే ఆఖరి బిగింపు. తర్వాత అలైన్‌మెంట్ తప్పదు. గీ రెండు అడగకుంట పైసలు కట్టొద్దు.

మరి బుష్‌లు గింత తొందరగ ఎందుకు పోతున్నయ్? మన కాలనీల స్పీడ్ బ్రేకర్లు చూడుండ్రి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్కల గుండ్రటి స్పీడ్ బ్రేకర్ 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలె, 25 కిలోమీటర్ల స్పీడుల దాటేటట్టు. మన దగ్గర మిగిలిన సిమెంటుతోని అడుగు వెడల్పుల గోడ లెక్క పోస్తరు. డ్రైనేజీ కోసం, కేబుల్ కోసం తవ్విన కాల్వ మట్టితోని పూడ్చి పోతరు. రోడ్డు మీద రోడ్డు ఏస్తే మ్యాన్‌హోల్ మూత గుంతల పడతది. వానపడితే సరూర్‌నగర్, చైతన్యపురి దిక్కు ఆ గుంత నీళ్ల కింద యాడున్నదో గూడ తెల్వది. 2020 అక్టోబర్ వరదలు యాది లేనిదెవరికి?

5 నుంచి 10 లక్షల కారు కొంటే 14 శాతం లైఫ్ ట్యాక్స్ ముందే కడుతున్నం. రోడ్డుకు మటుకు జవాబుదారీ మనిషి పానం పోయినంకనే మొదలైతది. 2019ల మోటారు వాహనాల చట్టం సవరించి 198ఏ సెక్షన్ పెట్టిన్రు. రోడ్డు ప్రమాణాలు పాటించక ఎవరన్న చనిపోతే, వైకల్యం వస్తే కాంట్రాక్టరుకో, అధికారికో లక్ష దాక జుర్మానా. 2025 అక్టోబర్ల బాంబే హైకోర్టు గుంతల వల్ల చనిపోతే 6 లక్షలు, గాయపడితే 50 వేల నుంచి రెండున్నర లక్షల దాక ఇయ్యాలన్నది. మంచిదే. ఆ దాక రాకముందు పోయే బుష్‌లు, రిమ్ములు, క్యాబ్ నడిపేటోడు షెడ్డుల పోగొట్టుకున్న దినం కిరాయి, ఇవి ఎవరి లెక్కల రావు.

ఇంకో దిక్కు, క్యాబులకు ఎనిమిదేండ్ల దాక రెండేండ్లకోసారి, తర్వాత ఏడాదికోసారి ఫిట్‌నెస్ ఉన్నది. సొంత కారును పదిహేనేండ్ల దాక సర్కారు తరఫున ఎవరు ముట్టి చూడరు. 2023ల ఔటర్ రింగ్ రోడ్డు మీద స్పీడు 120కి పెంచిన్రు. దిల్‌సుఖ్‌నగర్ సందుల బాల్ జాయింట్ లూజైన కారు అరగంటల పెద్ద అంబర్‌పేట కాడ ఆ రోడ్డెక్కుతది, అడిగేటోడు లేడు.

అందుకే ఈసారి షెడ్డుకు పోతే తాళం ఇచ్చి కూసోకుండ్రి. పొద్దుగాల ఆరింటికి, రోడ్డు ఖాళీగ ఉన్నప్పుడు, మెకానిక్‌ను పక్కన కూసోవెట్టుకొని హయత్‌నగర్ దాటి తీస్కపోండ్రి. వెనక ఎవరు లేరని చూసుకొని, ఎనభైల బ్రేకు మెల్లగ తొక్కి చూపియ్యుండ్రి.