సరంబీ వేసిన మందిరం

పైకప్పు లోపలి వైపు ఎలా ఉండాలో దేవుడే స్వయంగా చెప్పి చేయించిన కట్టడం ఒకటి బైబిల్లో ఉంది. అది రాజభవనం కాదు, రాతి కట్టడమూ కాదు. ఇశ్రాయేలీయులు అరణ్యంలో మోసుకుంటూ తిరిగిన ప్రత్యక్షపు గుడారం! నీలం, ఊదా, ఎరుపు రంగులతో, సన్నని నారతో నేసిన 10 తెరలు దాని లోపలి కప్పు. ఒక్కొక్కటి 28 మూరల పొడవు. వాటి మీద నేర్పరి పనితనంతో తీర్చిన కెరూబులు (నిర్గమ 26:1,2). ఆ తెరల మీద మేకవెంట్రుకల తెరలు, వాటి మీద ఎర్రరంగు వేసిన పొట్టేళ్ల తోళ్లు, అన్నిటికీ పైన సముద్రవత్సల తోళ్లు. బయట నిలబడి చూసేవాడికి కనిపించేది ఎండకు, దుమ్ముకు మాసిన తోళ్ల గుడారమే. లోపలికి వెళ్లి దీపవృక్షపు వెలుగులో తలెత్తి చూసిన యాజకుడికి మాత్రమే కెరూబుల సౌందర్యం కనిపించేది. దారిన పోయేవారు చూసి మెచ్చుకోవాలని దేవుడు ఆ కప్పు చేయించలేదు. అందం ఆయన సన్నిధి వైపు తిరిగి ఉంది, లోకం వైపు కాదు.

కళ అంటే లోకసంబంధమైనదనీ, విశ్వాసికి దానితో పనిలేదనీ అనుకునేవారు మనలో ఇంకా ఉన్నారు. వాళ్లు బెసలేలును మరచిపోతున్నారు. తన ఆత్మతో నింపానని దేవుడే పేరుపెట్టి చెప్పిన మొదటి వ్యక్తి ప్రవక్త కాదు, రాజు కాదు, బెసలేలు అనే పనివాడు (నిర్గమ 31:1-5). బంగారం, వెండి, ఇత్తడి, రత్నాలు, కర్ర ఏది చేతికిచ్చినా విచిత్రమైన పనులు చేయగల నేర్పు అతనికి ఆత్మ వల్ల వచ్చింది. ఆకాశాన్ని పల్చని తెరలాగా పరచిన దేవుడు (యెషయా 40:22) మన తలల మీద నీలాన్ని, చుక్కల్ని ఊరికే పరచలేదు. తలెత్తి చూసిన ప్రతివాడికీ ఆ ఆకాశం ఆయన మహిమను వివరిస్తుందని దావీదు పాడాడు (కీర్తన 19:1). అందాన్ని సృష్టించినవాడు దేవుడైతే దాన్ని ద్వేషించడం భక్తి ఎలా అవుతుంది?

అయితే బెసలేలు కథలో మనం తరచుగా దాటిపోయే మరో మాట ఉంది. ప్రజలు ప్రతి ఉదయం కానుకలు తెస్తూనే ఉన్నారు. పనివాళ్లు మోషే దగ్గరకు వచ్చి, కావలసిన దానికంటే ఎక్కువే వచ్చేసిందని చెప్పారు. మోషే వెంటనే పాళెమంతా చాటింపు వేయించి, ఇక తేవద్దని ప్రజల్ని ఆపాడు (నిర్గమ 36:4-7). ‘ఇక చాలు’ అన్న ఆ మొదటి నిర్మాణ కమిటీకి వారసులు ఈ రోజుల్లో ఎక్కడైనా ఉన్నారా?

ప్రపంచంలో అందరికీ తెలిసిన చర్చి పైకప్పు రోమ్ నగరంలో, వాటికన్‌లోని సిస్టీన్ చాపెల్‌ది. అంతకుముందు ఆ కప్పు మీద నీలాకాశం, బంగారు చుక్కలు ఉండేవి. పునాదుల కదలికతో 1504లో అది బీటలువారింది. దాన్ని కొత్తగా చిత్రించమని పోప్ రెండవ జూలియస్ 1508లో మైకెలాంజెలోను పిలిపించాడు. అప్పుడతనికి 33 ఏళ్లు. తాను శిల్పినే గాని చిత్రకారుణ్ణి కాదని మొరపెట్టుకున్నా ఒప్పుకోక తప్పలేదు. నేల నుంచి సుమారు 20 మీటర్ల ఎత్తున, గోడలకు ఆనించిన పరంజా మీద నాలుగేళ్లు పనిచేశాడు. పడుకుని గీశాడని చాలామంది చెబుతారు, అది నిజం కాదు. నిలబడి, తల వెనక్కి వాల్చి గీశాడు. రంగు కళ్లలో, ముఖం మీద కారుతుండేది, మెడ, నడుము పట్టేసేవి. తడి సున్నపు గార మీద, అది ఆరేలోగా గీయాల్సిన పని అది. ఏ రోజు గీయగలిగినంత మేర ఆ రోజే గార పూయాలి. తప్పు పడితే ఉలితో చెక్కేసి మళ్లీ మొదలుపెట్టాలి. పని మొదలైన కొత్తలోనే గారకు బూజు పట్టింది, నిరాశ కమ్మింది. అయినా 1512లో అది ముగిసేసరికి ఆదికాండంలోని 9 ఘట్టాలు, ఏడుగురు ప్రవక్తలు, క్రీస్తు పూర్వికులు, అన్నీ కలిపి 300కు పైగా ఆకారాలు ఆ కప్పు మీద నిలిచాయి.

ఆ పనిలో ఒక విశేషముంది. అతను ముందుగా నోవహు కాలపు జలప్రళయం గీశాడు. అందులో చిన్న చిన్న ఆకారాలు గుంపులు గుంపులుగా ఉంటాయి. పరంజా మీద దగ్గరగా చూస్తే అద్భుతం, కింద నిలబడి చూస్తే ఎవరెవరో తెలియదు. సగం పని అయ్యాక పరంజా విప్పారు. తర్వాత గీసిన ఘట్టాల్లో ఆకారాలు తక్కువ, పరిమాణం పెద్దది. పైన ఉన్నవాడికి కాక కింద ఉన్నవాడికి కనబడేలా గీయడమే పద్ధతిగా మారింది. ప్రసంగ వేదిక మీద ఉన్నవాళ్లకు ఇందులో పెద్ద పాఠముంది. మన పాండిత్యం మనకు ఎంత గొప్పగా కనిపించినా, ఆఖరి వరుసలో చాప మీద కూర్చున్న అవ్వకు అర్థమయిందా అన్నదే లెక్క.

ఆ కప్పు మీద అందరికీ తెలిసిన చిత్రం ఆదాము సృష్టి. దేవుని చెయ్యి చాచుకుని ముందుకు దూసుకొస్తుంటుంది. ఆదాము చెయ్యి మోకాలి మీద ఆనుకుని నీరసంగా వేలాడుతుంటుంది. వేళ్ల మధ్య చిన్న ఎడం. కంటికి కనబడని దేవుణ్ణి గడ్డమున్న వృద్ధుడిగా గీయడం మనకు సమ్మతం కాదు. రెండవ ఆజ్ఞను మనం తేలిగ్గా తీసుకోలేం. కాని ఆ రెండు చేతులు చెప్పే సత్యం మాత్రం లేఖనసమ్మతమే. మనిషి దేవుణ్ణి వెదకక ముందే దేవుడు మనిషి కోసం చెయ్యి చాచాడు. కృప అంటే అదే కదా!

ఇక్కడే చరిత్ర మనల్ని ఆలోచింపజేస్తుంది. ఆ కప్పు మీద రంగులు ఇంకా పూర్తికాని రోజుల్లోనే, జర్మనీ నుంచి ఒక యువ సన్యాసి తన మఠం పని మీద రోమ్‌కు వచ్చాడు. అతనే మార్టిన్ లూథర్! పవిత్ర నగరమని ఎంతో ఆశతో వచ్చినవాడికి అక్కడి యాజకుల నిర్లక్ష్యం, వ్యాపారం మనసును కలచివేశాయి. ఆ చాపెల్ పక్కనే సెయింట్ పీటర్స్ బసిలికాను కొత్తగా కట్టే పని 1506లోనే మొదలైంది. ఆ బృహత్ నిర్మాణానికి డబ్బు కావాలి. పాపక్షమాపణ పత్రాలు అమ్మి, పేదవాళ్ల కొంగుముళ్లు విప్పించారు. 1517 అక్టోబర్ 31న లూథర్ ప్రకటించిన 95 సిద్ధాంతాల్లో ఈ గోడు సూటిగానే ఉంది. మంద రక్తమాంసాలు పిండి కట్టే మందిరం కంటే ఆ మందిరం బూడిద కావడమే మేలని పోప్‌కు నిజం తెలిస్తే అనేవాడని ఆయన రాశాడు. అంత ధనవంతుడైన పోప్ పేద విశ్వాసుల డబ్బుతో కాక సొంత డబ్బుతో ఎందుకు కట్టడని జనం అడుగుతున్నారని కూడా రాశాడు.

లూథర్ పోరాటం అందం మీద కాదు, అందం పేరిట జరిగిన దోపిడీ మీద. 1522లో విటెన్‌బర్గ్‌లో కొందరు ఆవేశంతో చర్చిల్లోని చిత్రాలను, విగ్రహాలను ధ్వంసం చేస్తున్నప్పుడు ఆయనే వచ్చి వరుస ప్రసంగాలతో వారిని ఆపాడు. హృదయంలోని విగ్రహం పోకుండా గోడ మీది బొమ్మ పగిలితే లాభమేమిటన్నది ఆయన వాదం. జ్యూరిక్‌లో మాత్రం జ్వింగ్లీ అనుచరులు 1524లో చిత్రాలన్నీ తీసేసి గోడలకు సున్నం కొట్టించారు. మన సంఘాల్లో ఈ రెండు వారసత్వాలూ ఉన్నాయి. తెల్లటి గోడలూ మనవే, రంగుటద్దాల కిటికీలూ మనవే. వాటి గురించి పోట్లాడుకోనక్కర్లేదు. మందిరం ఎలా ఉందన్నది తర్వాతి ప్రశ్న. దాన్ని ఎవరి డబ్బుతో, ఎవరి చెమటతో, ఎవరి కోసం కట్టామన్నది మొదటి ప్రశ్న.

మన తెలుగు బైబిల్లో ‘సరంబీ’ అనే మాట ఉంది. పైకప్పు లోపలి వైపు పలకలు కొట్టి అందంగా తీర్చడాన్ని మన పెద్దలు అలా అనేవారు. దేవుని మందిరం పాడుబడి ఉండగా మీరు సరంబీ వేసిన ఇళ్లలో హాయిగా ఉంటారా అని క్రీ.పూ. 520లో హగ్గయి ప్రవక్త యూదులను నిలదీశాడు (హగ్గయి 1:4). చర్చి నిర్మాణానికి చందాలు అడిగేటప్పుడు ఈ వాక్యాన్ని చదవని కాపరి ఉండడేమో! కాని అంతకు సుమారు 90 ఏళ్ల ముందే యిర్మీయా ప్రవక్త మరో సరంబీ గురించి మాట్లాడాడు. యెహోయాకీము రాజు విశాలమైన మేడ కట్టించి, దేవదారు పలకలతో సరంబీ వేయించి, ఎర్రరంగు పూయించాడు. పనిచేసిన వాళ్లకు మాత్రం కూలి ఎగ్గొట్టాడు. దేవదారు పలకలు ఎక్కువైతే రాజువవుతావా అని ప్రవక్త గద్దించాడు. నీ తండ్రి యోషీయా దీనులకు, దరిద్రులకు న్యాయం తీర్చాడు, నన్ను తెలుసుకోవడమంటే అదే కదా అని దేవుడు అతణ్ణి అడిగాడు (యిర్మీయా 22:13-16). హగ్గయిని చదివి యిర్మీయాను మరిచేవాళ్లు దేవుని మాటలో సగమే విన్నవాళ్లు.

ఈ విషయంలో మనకు దూరదేశపు ఉదాహరణలు అక్కర్లేదు. మెదక్ చర్చి ఉంది. మెథడిస్టు మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ నాయకత్వంలో 1914లో పని మొదలై పదేళ్లు సాగింది. 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ జరిగింది. 175 అడుగుల గోపురం, లోపల రాతి స్తంభాల మీద నిలిచిన ఎత్తయిన కప్పు, క్రీస్తు జననం, సిలువ, ఆరోహణం చూపే రంగుటద్దాల కిటికీలు చూసినవాళ్ల తల దానంతటదే పైకి లేస్తుంది. కాని ఆ చర్చిని మెదక్ పల్లెలు తరతరాలుగా తలుచుకునేది దాని ఎత్తును బట్టి కాదు. కరువుతో జనం ఆకలికి అలమటిస్తుంటే ఆ నిర్మాణమే వాళ్లకు పని ఇచ్చి, కూడు పెట్టింది. రోమ్‌లో మందిరం కట్టడానికి పేదవాడి మూట విప్పించారు. మెదక్‌లో మందిరం కడుతూ పేదవాడి కడుపు నింపారు. రెండూ అందమైన కట్టడాలే. ఆ రెండు అందాల మధ్య ఎంత దూరముందో ఆలోచించండి!

మన ఊళ్లలో చాలా సంఘాలు తాటాకు పాకలో మొదలయ్యాయి. పాక పోయి రేకుల షెడ్డు వచ్చింది, షెడ్డు పోయి స్లాబ్ వచ్చింది, ఇప్పుడు స్లాబ్ కింద పీవోపీ సీలింగు, వరుసలు తీరిన ఎల్‌ఈడీ దీపాలు వస్తున్నాయి. ఇదంతా తప్పని ఎవరూ అనరు. మే నెల ఎండలో రేకుల కింద మూడు గంటల ఆరాధన ఎంత కష్టమో, వానొస్తే ఆ చప్పుడుకు ప్రసంగం ఒక్క ముక్క వినబడదన్నదీ అక్కడ కూర్చున్నవాళ్లకు తెలుసు. వేడిని తగ్గించే కప్పు, మాట ప్రతిధ్వనించకుండా చేసే సీలింగు సంఘానికి మేలే. వృద్ధులకు, పసిపిల్లల తల్లులకు అది నిజమైన పరిచర్య. కాని పక్క ఊరి చర్చిలో గుండ్రటి సీలింగు వేశారు గనుక మనం చుక్కల సీలింగు వేయాలన్న పోటీ పరిచర్య కాదు. ఆ పోటీ కోసం వడ్డీకి అప్పు తెచ్చి, ఆ అప్పు తీర్చడానికి ప్రతి ఆదివారం ప్రసంగాన్ని చందాల విజ్ఞప్తిగా మార్చి, ఇవ్వలేని పేద విశ్వాసి సిగ్గుతో చర్చికే రావడం మానేస్తే, ఆ సీలింగు ఎవరి మహిమ కోసం? మేస్త్రీకి, రంగులు వేసిన కుర్రాళ్లకు ‘దేవుని పని కదా, తగ్గించుకోండి’ అని కూలి కోసేస్తే, ఆ కోసిన కూలి పైకప్పు మీద నుంచే మొరపెడుతుంది (యాకోబు 5:4).

పైగా కొత్త నిబంధనలో దేవుని మందిరమంటే గోడలు కావు. సజీవమైన రాళ్లుగా కట్టబడుతున్న విశ్వాసులే ఆ మందిరం (1 పేతురు 2:5). అలాగైతే హగ్గయి ప్రశ్న ఇప్పుడు మన చర్చి కమిటీల వైపే తిరుగుతుంది. ఫీజు కట్టలేక చదువు మానేసిన పిల్ల, మందులు కొనలేని విధవరాలు, నెలల తరబడి జీతం అందని పల్లెటూరి సువార్తికుడు దేవుని మందిరంలోని పాడుబడిన గోడలు కారా? ఆ మందిరం పాడుబడి ఉండగా మనం సరంబీ వేసిన చర్చిలో కూర్చోవడానికి ఇది సమయమా?

కపెర్నహూములో ఒక ఇంటి కప్పు గురించి మార్కు రాశాడు. పక్షవాత రోగిని మోసుకొచ్చిన నలుగురికి గుమ్మం దగ్గర చోటు దొరకలేదు. వాళ్లు పైకెక్కి కప్పు విప్పి, ఆ సందులోంచి అతణ్ణి యేసు ముందుకు దించారు (మార్కు 2:3-5). కింద కూర్చున్నవాళ్ల మీద మట్టి పెళ్లలు రాలే ఉంటాయి. కాని కప్పు పాడు చేశారేమని ప్రభువు అడగలేదు. ఆయన వారి విశ్వాసాన్ని చూశాడు, రోగి పాపాలు క్షమించాడు, అతణ్ణి లేపి నడిపించాడు. ప్రభువు లెక్కలో ఒక మనిషి లేచి నడవడం చెక్కుచెదరని కప్పు కంటే గొప్పది. మన చర్చిల కప్పులు అందంగా ఉండనివ్వండి. వాటిని చూసి జనం దేవుని వైపు తలెత్తనివ్వండి. కాని అవసరంలో ఉన్న ఒక్క మనిషి కోసం ఆ కప్పును విప్పడానికి కూడా సిద్ధంగా ఉన్న సంఘమే దేవుడు నివసించే మందిరం.